వోల్టు కుదరాలి, ఆంపియరు మిగలాలి

మీ ఇంట్లో బోరు మోటారు వేయగానే ట్యూబ్‌లైటు ఒక్క క్షణం మసకబారడం మీరు చూసే ఉంటారు. వెంటనే మళ్ళీ మామూలుగా వెలుగుతుంది. మనమూ మర్చిపోతాం. ఇంట్లో అయితే మర్చిపోవచ్చు. అదే మసక లేజర్ కటింగ్ మిషన్ లోపల పడిందనుకోండి, చేసిన పని చెడిపోతుంది. ఒక్కోసారి నిప్పు కూడా పుడుతుంది. ఈ రోజు నేను చెప్పబోయేది ఆ మసక గురించి.

నేను ఉండేది అత్తిబెలెలో. బెంగళూరు నుంచి హోసూరు పోయే దారిలో, కర్ణాటక కొసన ఉన్న ఊరు. టోల్‌గేటు దాటి కాస్త ముందుకు పోతే తమిళనాడే. మా వీధిలో కన్నడం, తెలుగు, తమిళం మూడూ వినబడతాయి. ఇటు బొమ్మసంద్ర, జిగణి, ఎలక్ట్రానిక్ సిటీ. అటు హోసూరు ఫ్యాక్టరీలు. వాటిలో పని చేయడానికి మదనపల్లె నుంచి, కుప్పం నుంచి, హిందూపురం నుంచి వచ్చిన కుర్రవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. పగలు ఫ్యాక్టరీలో పని. రాత్రి, ఆదివారం సొంత పని. ఆ సొంత పనుల్లో ఈ మధ్య బాగా కనబడుతున్నది లేజర్ మిషన్. గృహప్రవేశాలకు నేమ్‌ప్లేట్లు, పెళ్ళిళ్ళకు రిటర్న్ గిఫ్టులు, గుమ్మానికి చెక్క తోరణాలు, సంక్రాంతి ముగ్గులకు అచ్చులు. ఒక చిన్న గదిలో, ఒక బల్ల మీద, ఇవన్నీ తయారవుతున్నాయి.

మా పక్కింట్లో మదనపల్లె అబ్బాయి ఒకడు ఉంటాడు. బొమ్మసంద్రలో ఫిట్టరు. సెకండ్‌హ్యాండులో 40 వాట్ల లేజర్ మిషన్ కొన్నాడు. దాన్ని అందరూ కే-40 అంటారు. నీలం రంగు డబ్బా, లోపల నీళ్ళతో చల్లబడే గాజు ట్యూబు. ఒక ఆదివారం సాయంత్రం అతను మా షాపుకి వచ్చాడు. చేతిలో చెక్కతో కోసిన నెమలి ఉంది. చూస్తే నెమలి మెడ ఒకచోట ఉంది, ఒళ్ళు ఒకచోట ఉంది. మధ్యలో రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగింది. ఈకలన్నీ ఎంత సన్నగా కోశాడో! పనితనం అంతా ఉంది, బొమ్మ మాత్రం తెగింది.

"అన్నా, బెల్టు బిగించాను. సాఫ్ట్‌వేరు మళ్ళీ వేశాను. పట్టాలకు నూనె పెట్టాను. అయినా ఇట్లే వస్తోంది" అన్నాడు.

"ఏమప్పా, ఈమధ్య మిషన్‌కి కొత్తగా ఏమైనా తగిలించావా?" అని అడిగాను.

తగిలించాడు. లోపల వెలుతురు కోసం ఎల్‌ఈడీ పట్టీ. బల్ల పైకీ కిందికీ కదలడానికి ఒక మోటారు. కోసే చోట గాలి ఊదడానికి ఒక పంపు. పొగ లాగడానికి ఒక ఫ్యాను. అన్నీ 24 వోల్టులవే కొన్నాడు. అక్కడిదాకా మంచి పనే చేశాడు. కానీ అన్నిటికీ కరెంటు ఎక్కణ్ణుంచి తీశాడంటే, మిషన్‌లో ముందు నుంచీ ఉన్న పవర్ సప్లై నుంచే.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఈ రకం మిషన్లలో పవర్ సప్లై ఒకటే డబ్బా. అది రెండు పనులు చేస్తుంది. ఒక పక్క గాజు ట్యూబుకి 15 వేలు, 20 వేల వోల్టుల దాకా పంపిస్తుంది. ఇంకో పక్క కంట్రోలర్ బోర్డుకీ, తల కదిలించే రెండు మోటార్లకీ 24 వోల్టులు, 5 వోల్టులు ఇస్తుంది. ఆ 24 వోల్టుల పక్క అది ఇవ్వగలిగింది సుమారు ఒక్క ఆంపియరు. అదీ బోర్డుకీ, ఆ రెండు మోటార్లకీ సరిపోవడానికి పెట్టింది. ముగ్గురికి వండిన అన్నం. దాని దగ్గరికి ఇంకో నలుగుర్ని భోజనానికి పంపాడు మన అబ్బాయి.

నేను వాళ్ళింటికి వెళ్ళాను. లేజర్ కాంతి రాకుండా దాని స్విచ్ ఆపేశాం. ట్యూబుకి దూరంగా, కంట్రోలర్ బోర్డు దగ్గర మల్టీమీటరు పెట్టాం. 23.9 చూపించింది. బాగుంది. "ఇప్పుడు గాలి పంపు వెయ్యి" అన్నాను. వేశాడు. మీటరు మీద అంకె కళ్ళు మూసి తెరిచేలోగా 20కి జారి, మళ్ళీ పైకి ఎక్కింది. పంపు తిరుగుతూనే ఉంది, లైటు వెలుగుతూనే ఉంది. కానీ నెమలిని కోసేటప్పుడు ఇలాంటి ఒక్క క్షణంలోనే తల కదిలించే మోటారు కొన్ని అడుగులు తప్పింది. బోర్డుకి ఆ సంగతి తెలియదు. తల సరైన చోటే ఉందనుకుని కోసుకుంటూ పోయింది. నెమలి మెడ తెగింది అక్కడే. బోరు మోటారు వేసినప్పుడు ట్యూబ్‌లైటుకి వచ్చిన మసకే ఇది.

మరి ఏం చేయాలి? కొత్తగా తగిలించిన వాటికి వేరే పవర్ సప్లై పెట్టాలి. ఎలాంటిది పెట్టాలి? దీనికి నేను ఒక్క మాట చెప్తాను. వోల్టు కుదరాలి, ఆంపియరు మిగలాలి. మళ్ళీ చెప్తాను. వోల్టు కుదరాలి. ఆంపియరు మిగలాలి.

ముందు వోల్టు సంగతి చూద్దాం. మా ఊరి ముందు నుంచి రాత్రీ పగలూ లారీలు పోతూ ఉంటాయి. లారీలో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు. కారులో 12 వోల్టులు. లారీ హెడ్‌లైట్ బల్బు తెచ్చి కారులో పెడితే ఎర్రగా మిణుకు మిణుకుమంటుంది. కారు బల్బు తీసుకెళ్ళి లారీలో పెడితే ఒక్కసారి భగ్గున వెలిగి మాడిపోతుంది. రోడ్డు పక్క షెడ్డులో పని చేసే ఎలక్ట్రీషియన్ ఎవరైనా ఈ సంగతి చెప్తాడు. కాబట్టి మీ పంపు మీద 24 అని ఉంటే సప్లై 24 ఇవ్వాలి. 12 అని ఉంటే 12 ఇవ్వాలి. ఇక్కడ సర్దుబాటు లేదు.

ఇక ఆంపియరు. ఇక్కడ చాలామంది భయపడతారు. "పంపుకి ఒక ఆంపియరే కదా కావాల్సింది, 6 ఆంపియర్ల సప్లై పెడితే కాలిపోదా?" అని అడుగుతారు. కాలిపోదు. కుండలో 40 మందికి అన్నం ఉన్నంత మాత్రాన మీరు 40 మంది తిండి తినరు కదా. మీకు కావాల్సినంతే తింటారు. పంపు కూడా అంతే. తనకు కావాల్సిన ఆంపియర్లే తీసుకుంటుంది. మిగిలింది కుండలోనే ఉంటుంది. కుండలో తక్కువైతేనే గొడవ.

ఎంత మిగలాలి? మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చేసే లెక్కే. 30 మంది వస్తారంటే 40 మందికి ఎసరు పెడతారు. అంటే కావాల్సినదానికి ఇంకో మూడో వంతు కలుపుతారు. పవర్ సప్లైకీ అదే లెక్క పెట్టుకోండి.

మన అబ్బాయి మిషన్‌కే లెక్క కట్టి చూపిస్తాను. కాగితం అక్కర్లేదు, విన్నా చాలు. పొగ ఫ్యాను 0.9 ఆంపియరు. గాలి పంపు 1. బల్ల మోటారు ఒకటిన్నర. ఎల్‌ఈడీ పట్టీ 0.6. మొత్తం 4 ఆంపియర్లు. మోటారు మీద రాసిన ఒకటిన్నర అసలు దాని లోపలి చుట్టలకు వెళ్ళే కరెంటు. సప్లై నుంచి మామూలుగా అంతకన్నా తక్కువే లాగుతుంది. అయినా నేను రాసినంతా లెక్కలో వేస్తాను. 4కి మూడో వంతు కలిపితే 5.3 దాటింది. దానికి పైన బజారులో దొరికే సైజు చూడాలి. 150 వాట్ల తరగతిలో మీన్‌వెల్ వాళ్ళ ఎల్.ఆర్.ఎస్.-150 అని ఒకటి ఉంది. అది 24 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు ఇస్తుంది. అది సరిపోయింది. 100 వాట్లది అయితే నాలుగున్నర ఆంపియర్లే. లెక్క ప్రకారం నడుస్తుంది. కానీ మిగలదు.

మిగలడం ఎందుకు అంత ముఖ్యం? మోటారు గానీ పంపు గానీ కదలడం మొదలుపెట్టేటప్పుడు, నడుస్తున్నప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ లాగుతుంది. బరువైన తోపుడు బండిని మొదట కదిలించడానికే కదా బలమంతా కావాలి. కదిలాక చెయ్యి ఆనిస్తే చాలు. ఇంకో కారణం వేడి. మూసిన డబ్బాలో, మే నెల ఎండలో, పొగ మధ్యలో పని చేసే సప్లై తన పూర్తి శక్తి ఇవ్వలేదు. బాగా వేడెక్కితే ఎంత తగ్గించి వాడాలో కంపెనీవాళ్ళే కాగితం మీద గీత గీసి చూపిస్తారు.

ఈ సప్లైలు కొనడానికి మేము సిటీ మార్కెట్ దగ్గర ఎస్.పి. రోడ్డుకి వెళ్తాం. హైదరాబాదులో ఉన్నవాళ్ళకి కోఠీ గుజరాతీ గల్లీ తెలుసు. ఎక్కడ కొన్నా, లేబుల్ మీద అంకెను నమ్మే ముందు చేతిలో పెట్టుకుని బరువు చూడండి. 30 ఆంపియర్లని రాసి, అరచేతిలో అగ్గిపెట్టెలా తేలిపోతుంటే ఆలోచించాల్సిందే. అడాప్టరు రకం కొంటే బి.ఐ.ఎస్. గుర్తు ఉందేమో చూడండి. ఆ గుర్తుతోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి.

ఇంకో పరీక్ష చెప్తాను. నాకు చాలా ఇష్టమైన పరీక్ష. లారీ సామాన్లు అమ్మే కొట్టులో 24 వోల్టుల హెడ్‌లైట్ బల్బు ఒకటి కొనండి. అందులో ఒక తీగ 70 వాట్లు, ఇంకోటి 75 వాట్లు ఉండే రకం మామూలుగా దొరుకుతుంది. అంటే ఒక్కో తీగ సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది. కొత్త సప్లైకి ఒక తీగ తగిలించి, మీటరు పెట్టి, పది నిమిషాలు చూడండి. వోల్టు 24 దగ్గరే నిలబడాలి. మొదట్లో బల్బు ఒకటి రెండుసార్లు మిణుకుమంటే కంగారు పడొద్దు. చల్లటి తీగ మొదట చాలా ఎక్కువ లాగుతుంది, వేడెక్కాక తగ్గుతుంది. బల్బు బాగా కాలుతుంది. చెయ్యి తగలనీయకండి. కాగితం, చెక్కపొట్టు దగ్గర పెట్టకండి.

ఇప్పుడు చెప్పేది దయచేసి జాగ్రత్తగా వినండి. సప్లై పక్కన, జాలీలోంచి, ఒక చిన్న జారుడు స్విచ్ కనబడుతుంది. దాని మీద 115 అనీ 230 అనీ రాసి ఉంటుంది. అన్ని మోడళ్ళకీ ఉండదు. నేను చెప్పిన 100 వాట్ల రకం 85 నుంచి 264 వోల్టుల దాకా దానంతట అదే సర్దుకుంటుంది. 150 వాట్ల దానికి ఈ స్విచ్ ఉంది. మన దేశంలో ఇళ్ళకి వచ్చేది 230. స్విచ్ 115 మీద ఉండగా ప్లగ్గు పెడితే సప్లై అక్కడికక్కడే పేలిపోతుంది. చాలా ఏళ్ళ కిందట ఒక ఫ్యాక్టరీలో ప్యానెల్ బోర్డు కడుతూ, పెట్టె విప్పిన సప్లైని నేను అలాగే బిగించాను. స్విచ్ చూడలేదు. కరెంటు ఇవ్వగానే టపాకాయ లాంటి చప్పుడు, ఆ తర్వాత కాలిన వాసన. ఆ రోజు నుంచి కొత్త సప్లై చేతికి వస్తే ముందు నా వేలు ఆ స్విచ్ మీదికే పోతుంది. మీరూ ముందు అదే చూడండి. ప్లగ్గు పెట్టకముందే చూడండి.

ఇంకో హెచ్చరిక. వోల్టు కుదరాలి, ఆంపియరు మిగలాలి అన్నాను కదా. ఆ మాట పంపులకీ, ఫ్యాన్లకీ, దీపాలకీ, మోటారు బోర్డులకీ. గాజు ట్యూబుకి మాత్రం అది వర్తించదు. ఎందుకంటే ట్యూబులో ఉన్నది గ్యాసు. ఒకసారి వెలిగాక అది తనకు ఎంత కావాలో తెలుసుకుని ఆగదు. ఇచ్చినకొద్దీ తాగుతుంది. దాని కరెంటుకి హద్దు పెట్టేది దాని సప్లైయే. 40 వాట్ల ట్యూబుని 15 మిల్లీఆంపియర్లలోపు నడిపితే ఎక్కువ కాలం ఉంటుంది. ఎక్కువ ఇస్తే గబగబా ముసలిదవుతుంది. కాబట్టి ట్యూబు సప్లై మార్చాల్సి వస్తే ఆ ట్యూబు వాట్లకి తగినదే కొనండి. పెద్దది పెడితే పనికొస్తుందిలే అనుకోకండి. ఈ ట్యూబులో ఉన్నది కార్బన్ డయాక్సైడ్ లేజర్. దాన్ని 1964లో కనిపెట్టినవాడు మన బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. అప్పుడు ఆయన అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో ఉన్నారు. మా కుర్రవాళ్ళకి ఈ సంగతి చెప్తే వాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి.

ట్యూబుకి పోయే లావాటి ఎర్ర తీగ జోలికి మాత్రం ఎవరూ వెళ్ళొద్దు. ఆ వోల్టేజీ ప్రాణం తీస్తుంది. ఆపేశాక కూడా లోపల కొంత మిగిలి ఉంటుంది. డబ్బా మూత తీయాలంటే స్విచ్ ఆపితే చాలదు. గోడ నుంచి ప్లగ్గు పీకాలి. పీకి, కాసేపు ఆగాలి. ఇంట్లో షాకు తగిలితే కరెంటు ఆపే ఆర్.సి.సి.బి. ఉంది కదా అని ధైర్యం తెచ్చుకోకండి. ట్యూబు పక్క తగిలిన షాకు దానికి తెలియకపోవచ్చు. ప్లగ్గులో మూడో పిన్ను ఎర్త్. దాన్ని విరిచి రెండు పిన్నుల సాకెట్లో దూర్చడం నేను కళ్ళారా చూశాను. మీ ఇంట్లో ఎర్త్ నిజంగా పని చేస్తోందో లేదో ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించుకున్నాకే ఈ మిషన్ పెట్టండి.

కొత్త సప్లై వచ్చింది. ఇక తీగలు. మా టోల్‌గేటు దగ్గర శనివారం సాయంత్రం ఎంత రద్దీ ఉంటుందో ఈ దారిలో ఊరికి పోయేవాళ్ళకి తెలుసు. బళ్ళు వందలు, దారులు నాలుగైదు. సన్నటి తీగలో ఎక్కువ కరెంటు పంపినా అంతే. దారిలోనే వోల్టు తగ్గిపోతుంది, తీగ వేడెక్కుతుంది. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ తీసుకుందాం. సప్లై నుంచి పంపు రెండు మీటర్ల దూరం. పోయి రావడానికి నాలుగు మీటర్లు. 5 ఆంపియర్లు పారితే సుమారు మూడో వంతు వోల్టు దారిలోనే పోతుంది. అదే వాట్లకి 24 వోల్టుల సామాను తీసుకుంటే, 12 వోల్టుల దానితో పోలిస్తే సగం కరెంటే పారుతుంది. అందుకే కొత్తగా కొనేవాళ్ళకి నేను 24 వోల్టులవే తీసుకోమంటాను.

ప్రతి తీగకీ ఒక ఫ్యూజు పెట్టండి. పెద్ద సప్లై పెట్టుకున్నప్పుడు ఇది మరీ ముఖ్యం. ఎక్కడైనా రెండు తీగలు తాకితే పెద్ద సప్లై ఆగకుండా కరెంటు ఇస్తూనే ఉండొచ్చు. అది ఆగేలోపు సన్న తీగ కాలిపోతుంది. ఫ్యూజు ఉంటే ముందు అది పోతుంది.

రెండు సప్లైలు ఉన్నప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. రెంటినీ కలపాలా? ప్లస్‌లను ఎప్పుడూ కలపకండి. కంట్రోలర్ బోర్డు నుంచి పంపుకి ఆన్, ఆఫ్ సంకేతం పోతుంటే, ఆ బోర్డు మైనస్సూ కొత్త సప్లై మైనస్సూ ఒకచోట కలపాల్సి రావచ్చు. రిలే, అంటే సంకేతంతో పని చేసే స్విచ్, వాడితే ఆ అవసరమూ లేదు. ఏం చేయాలో తోచకపోతే రిలేనే వాడండి.

గాలి పంపు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కోసే చోట గాలి ఊదేది అందానికి కాదు. ఆక్రిలిక్ గానీ చెక్క గానీ లేజర్ కింద మంట అందుకుంటుంది. ఆ గాలే మంటని లేవనీయకుండా చూస్తుంది. సప్లై చాలక పంపు ఆగిపోయి, లేజర్ మాత్రం నడుస్తూ ఉంటే ఏమవుతుందో మీరే ఊహించండి. 2023 అక్టోబరులో మా అత్తిబెలెలో బాణసంచా గోదాము తగలబడి ఎందరో కుర్రవాళ్ళు చనిపోయారు. ఆ ప్రమాదం వేరు, ఈ మిషన్ వేరు. కానీ ఆ రోజు పొగ చూసినవాళ్ళం నిప్పు మాట తేలిగ్గా తీసుకోలేం. మిషన్ నడుస్తున్నంతసేపూ మీరు పక్కనే ఉండండి. టీ తాగాలంటే మిషన్ ఆపి వెళ్ళండి. చేతికి అందేంత దగ్గరలో మంటలార్పే సిలిండరు పెట్టుకోండి.

మళ్ళీ మా పక్కింటి సంగతికి వస్తాను. ఆ వారంలోనే అబ్బాయి ఎస్.పి. రోడ్డుకి వెళ్ళి సప్లై తెచ్చాడు. స్విచ్ 230 మీద ఉందని నాకు చూపించాకే ప్లగ్గు పెట్టాడు. పొగ తగలని చోట, మిషన్ బయట, గాలి ఆడే రేకు డబ్బాలో బిగించాడు. తీగలు బిగించిన స్క్రూలు బయటికి కనబడకుండా మూత వేశాడు. నాలుగు సామాన్లకి నాలుగు ఫ్యూజులు. మళ్ళీ కంట్రోలర్ బోర్డు దగ్గర మీటరు పెట్టాం. 23.9. "పంపు వెయ్యి" అన్నాను. 23.9. "ఫ్యాను కూడా వెయ్యి, బల్ల పైకి ఎత్తు" అన్నాను. అంకె కదల్లేదు. అబ్బాయి ఏమీ మాట్లాడకుండా మీటరు వైపే చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత అదే నెమలిని మళ్ళీ కోశాడు. 20 నిమిషాలు పట్టింది. ఇద్దరం పక్కనే కూర్చున్నాం. చెక్క పైకి తీసి, వేలితో మసి తుడిచి, నా చేతిలో పెట్టాడు. మెడ, ఒళ్ళు, తోక అన్నీ ఒకే గీతలో ఉన్నాయి. దాన్ని మదనపల్లెలో వాళ్ళ చెల్లెలి పెళ్ళికి తీసుకెళ్ళాడు. తెగిన నెమలిని పారేయబోతుంటే నేను అడిగి తీసుకున్నాను. అది ఇప్పుడు మా షాపులో, మల్టీమీటరు పక్కన మేకుకి వేలాడుతోంది.